జవాబు పుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు

నా సీట్లో కొత్తగా చేరిన లావణ్య అనే అమ్మాయి ఈమధ్య ఫోన్ చేసింది. "సార్, క్యాంపస్‌ల చెత్త పని మీరే పదకొండేళ్లు చూసిన్రట గద. నాకు పనికొచ్చే ముచ్చట్లు నాలుగు రాసియ్యరాదు?" అని అడిగింది. పనికొచ్చేవి నా దగ్గర ఎన్ని ఉన్నాయో నాకే అనుమానం. పాడు చేసుకున్నవి మాత్రం చాలానే ఉన్నాయి. వాటిలో ఒకటి నన్ను ఇప్పటికీ కంటి నిండా నిద్రపోనివ్వడం లేదు. దాని గురించే రాస్తున్నాను. మిగతావి దానికి ఎంత అవసరమో అంతే వస్తాయి.

నాది చిల్పూరు. ఉద్యోగం జనగామలో మొదలైంది, భూపాలపల్లిలో ముదిరింది, మహబూబాబాద్ వైపు ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లో ముగిసింది. యూనివర్సిటీ పేరు రాయను. మూడు చోట్లా పని ఒకటే, చెత్త ఎత్తించడం. హోదా పేరు మారుతూ వచ్చింది కానీ జనం పిలిచింది మాత్రం "చెత్త సారు" అనే. మొదట్లో ఒళ్లు మండేది. చివరికి ఎవరైనా "సూపర్‌వైజర్ గారూ" అంటే వేరెవరినో పిలుస్తున్నారనుకుని పక్కకు తప్పుకునేవాణ్ని.

చీపురు చప్పుడు

జనగామలో చేరిన కొత్తలో నాకు ఇరవై నాలుగేళ్లు. చేతిలో రిజిస్టరు, జేబులో పెన్ను, నోటి నిండా అధికారం. నా కింద కొమురయ్య అనే పెద్దాయన ఉండేవాడు. మా బాపు కంటే పెద్దవాడు. ఒకరోజు బజారు వెనుక గల్లీలో ఒక కుప్ప దగ్గర చీపురు ఆపేసి నిలబడ్డాడు.

"ఏమైంది?" అన్నాను.

"చీపురు చప్పుడు వేరే ఉన్నది సారు. లోపల ఏందో ఉన్నది. పార తెప్పియ్యుండ్రి, చేతుల తోటి వద్దు."

"పార కోసం ఎంతసేపు కూసుంటవ్? ఎత్తు" అన్నాను.

ఎత్తాడు. ఆ కుప్పలో ఎవరో పారేసిన ఇంజెక్షన్ సూదులు, పగిలిన మందు సీసాలు ఉన్నాయి. ఒక సూది అరచేతిలో సగం దాకా దిగింది. దవాఖానకు నేనే తీసుకుపోయాను. కట్టు కట్టించుకుని బయటికొచ్చాక అన్నాడు. "బిడ్డా, నువ్వు సదువుకున్నోనివి. కని చెత్తల చెయ్యి పెట్టేటోడు ఆగిండంటే నువ్వు గూడ ఆగాలె. ముట్టుకునేటోనికే ఎరుక."

ఆ తర్వాత నా కింద చేరిన ప్రతివాడికీ ఈ కథ చెప్పాను. ట్రైనింగుల్లో చెప్పాను, మీటింగుల్లో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ జనం తల ఊపేవారు, నాకు నేనే గొప్పవాణ్ననిపించేది. చెప్పడం వేరే, వినడం వేరే అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నిజంలో కొంత

భూపాలపల్లిలో నాకొక బాస్ దొరికాడు. మంచి మనిషి, కోపం లేదు, ఎవరింట్లో శుభకార్యమైనా ముందు ఆయనే ఉండేవాడు. ఆయన దగ్గర నేర్చుకున్న విద్య నా జీవితంలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది. అందుకే ఆయనను నేను క్షమించలేను.

ఒకసారి మా ట్రాక్టర్ డ్రైవర్ చెత్తనంతా తీసుకుపోయి ఒక కాలువ పక్కన పోశాడు. వాన పడగానే అదంతా కాలువకు అడ్డం పడి మురికినీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. పైనుంచి సంజాయిషీ అడిగారు. అసలు సంగతేమిటంటే, ఆ రోజు ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారని పదకొండు గంటల కల్లా రోడ్డు శుభ్రంగా ఉండాలని డ్రైవర్‌ను తరిమింది మేమే. డంపింగ్ జాగా దాకా పోయి వచ్చే టైము అతనికి లేదు.

నేను ఇదంతా రాసుకుని పోతే బాస్ చదివి నవ్వాడు. కాగితం మడిచి నా జేబులోనే పెట్టాడు. "అబద్ధం ఎప్పుడు రాయకు తమ్మీ, దొరికిపోతవ్. నిజమే రాయి. కని అందుల నీకు పనికొచ్చేంత రాయి, మిగిలింది నోట్లనే ఉంచుకో" అన్నాడు. తర్వాత ఆయనే చెప్పి రాయించాడు. "చెత్తను ఎచ్చట వేయవలెనో డ్రైవర్‌కు ముందుగనే తెలియజేయబడినది." నిజమే. తెలియజేశాం. డ్రైవర్‌ను పనిలోంచి తీసేశారు. మేమిద్దరం చాయ్ తాగాం. ఎంత తెలివైనవాడని నేను ఆయనను మెచ్చుకున్నాను కూడా.

క్యాంపస్

క్యాంపస్‌లో చేరేనాటికి నాకు బాగానే అనుభవం వచ్చిందని అనుకున్నాను. చదువుకున్నవాళ్లుండే చోటు కదా, పని తేలిక అవుతుందని కూడా అనుకున్నాను. రంగురంగుల డబ్బాల సంగతి ఇక్కడ రాయను, అది ప్రతిచోటా ఒకటే కథ. హాస్టల్ మెస్సులో పారేసే అన్నం తగ్గించాలని చేతులు కడిగే చోట ఒక ఏడాది పాటు రోజూ కూర్చున్నాను. నేను చూస్తున్నానని పిల్లలు అన్నాన్ని పేపర్‌లో చుట్టుకుపోయి గది కిటికీలోంచి విసిరేసేవారు. డ్రమ్ములో అన్నం తగ్గింది, హాస్టల్ వెనుక కుక్కలు పెరిగాయి. రిపోర్టులో మాత్రం తగ్గిందనే రాశారు.

ఏటా జూన్‌లో "చెత్త రహిత ప్రాంగణం" అని పెద్ద ఫ్లెక్సీ కట్టేవారు. ముఖ్య అతిథి మారతాడు కాబట్టి ఏటా కొత్తదే. పాతవాటిని మా స్వీపరమ్మలు ఇళ్లకు తీసుకుపోయేవారు. ఒక వానాకాలం పక్క ఊరికి పోతే ఒక బర్రెల కొట్టం మీద మా వైస్ చాన్సలర్ గారు నవ్వుతూ కనిపించారు. క్యాంపస్‌లో నిజంగా మళ్లీ వాడుకున్న వస్తువు చాలాకాలం అదొక్కటే.

ఆ స్వీపరమ్మలకు మేస్త్రి సోమక్క. పక్క ఊరామె. ఏజెన్సీ కింద పనిచేసేది, క్యాంపస్ కట్టిన కాడి నుంచి ఉంది. నాకంటే చిన్నదే అయినా అందరూ అక్కా అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. చదువు రాదు. కానీ ఏ బ్లాకులో ఏ రోజు ఎంత చెత్త పడుతుందో, ఏ సారు పొగ తాగి పీక ఏ పూలకుండీలో గుచ్చుతాడో ఆమెకు తెలుసు.

రఫ్ బుక్కులు

పరీక్షల విభాగానికి ఒక గోదాము ఉంది. రాసిన జవాబు పుస్తకాలను కొంత గడువు దాకా అందులో దాస్తారు. రీకౌంటింగ్ అడిగేవాళ్లు అడిగి, గడువు తీరాక వాటిని కాగితం మిల్లు లారీకి ఎత్తుతారు. ఒక ఎండాకాలం ఆ ఎత్తే పనికి మావాళ్లను పిలిచారు. మధ్యాహ్నం సోమక్క ఒక జవాబు పుస్తకం విప్పి నా ముందు తిరగేసింది.

"సారూ, గిన్ని తెల్ల కాయితాలు మిల్లుకే పోతున్నయా? గీ పిల్లలు రాసుడు తక్కువ, ఇడిసిపెట్టుడు ఎక్కువ ఉన్నది."

నాకు మా బాపు గుర్తొచ్చాడు. ఏటా ఎండాకాలం సెలవుల్లో మా అన్నదమ్ముల పాత నోటుబుక్కులు ముందేసుకుని, మిగిలిన తెల్ల కాగితాలు చింపి, బస్తాలు కుట్టే దబ్బనంతో కుట్టి రఫ్ బుక్కు చేసేవాడు. అందులో కొన్ని అడ్డగీతల కాగితాలు, కొన్ని నాలుగు గీతలవి, మధ్యలో ఎక్కడో ఒక గ్రాఫు కాగితం. మా రోజుల్లో ఇది చేయని ఇల్లు లేదు. పరీక్షల విభాగం పెద్దాయనను అడిగితే, "గడువు తీరినవైతే తీసుకోండి, నాకేం అభ్యంతరం" అని నోటిమాటగా చెప్పాడు.

అలా మొదలైంది. రోజూ పని అయ్యాక ఒక గంట గోదాము వరండాలో ఆరుగురు ఆడవాళ్లు కూర్చునేవారు. మేకుతో పిన్ను ఊడదీయడం, ఖాళీ ఆకును మడత దగ్గర కోయడం, రాసిన ఆకులను మిల్లు బస్తాలో వేయడం. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. జవాబు పుస్తకాన్ని మధ్యలో మడిచి పిన్ను కొడతారు కాబట్టి చివరి ఖాళీ ఆకు, మొదటి రాసిన ఆకు నిజానికి ఒకే కాగితం. వెనుకది కోస్తే ముందుది పట్టు తప్పి విడిపోతుంది. గడువు తీరినవి కాబట్టి అది ఎవరికీ పట్టేది కాదు.

జిరాక్సు కాగితాల అట్టపెట్టెలు కోసి అట్టలు వేశారు, సుతిలితో కుట్టారు. మొదటి పుస్తకం సోమక్క మనుమరాలికి పోయింది. మిగతావి దగ్గరి తండాలోని బడికి. నెలకోసారి సోమక్క నాతోపాటు బడికి వచ్చి, పిల్లల చేతుల్లోంచి పుస్తకాలు తీసుకుని కాగితం ముందూ వెనుకా తిప్పి చూసేది. అక్షరాలు రాకపోయినా ఖాళీ ఎక్కడుందో ఆమెకు కనబడుతుంది. "గీ దిక్కు ఎందుకు ఇడిసిపెట్టినవ్ రా? రెండు దిక్కుల రాయాలె" అని గదమాయించేది. పిల్లలు టీచర్ కంటే ఆమెకే ఎక్కువ భయపడేవారు. ఆ పని నడిచిన నాలుగేళ్లు నేను పొద్దున్నే పనికి ఇష్టంగా పోయాను. నా సర్వీసు మొత్తంలో ఆ మాట ఇంకే కాలం గురించీ అనలేను.

ఎర్ర నాడా

కట్టలు గుర్తుపట్టడానికి ఒక పద్ధతి ఉండేది. గడువు తీరనివాటికి ఎర్ర నాడా కట్టి కుడి పక్క పెట్టేవారు. గడువు తీరాక నాడా మళ్లీ వాడుకోవడానికి విప్పుకుని, సుతిలి చుట్టి ఎడమ పక్కకు మార్చేవారు. కట్ట మీద గడువు తేదీ రాసిన చీటీ కూడా ఉండేది కానీ మాలో ఎవరూ దాన్ని చదవలేదు. ఆడవాళ్లకు చదువు రాదు, నాకు తీరిక లేదు.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. గోదాము కుడి పక్క కప్పు కారింది. అక్కడి అటెండర్ కట్టలు తడవకుండా కొన్నిటిని ఎడమ పక్కకు జరిపాడు. అతను చేసింది మంచి పనే. అదే వారం ఒక తనిఖీ బృందం వస్తోంది. మా ఎస్టేట్ ఆఫీసర్ రాజేశ్వర్ సారు నన్ను పిలిచి, "సోమవారం నాటికి ఆ రఫ్ బుక్కులు బల్ల నిండ కనబడాలె. మనకు చూపెట్టుకునేటందుకు అదొక్కటే ఉన్నది" అన్నాడు. నా పనిని ఒకరు బల్ల మీద పెట్టి చూపిస్తామన్నారు. నా కాళ్లు నేల మీద లేవు.

శుక్రవారం మధ్యాహ్నం గోదాములోకి పోయేసరికి సోమక్క ఎడమ పక్క కట్టల ముందు నిలబడి ఉంది. విప్పలేదు.

"సారూ, వీటికి ఎర్ర నాడా ఉన్నది. ఎప్పటికి సుతిలి ఉంటది గద."

"వానలకు చేతికి ఏది దొరికితే అది కట్టుంటరు అక్కా."

"జర మీరు చీటీ సదివి సూడుండ్రి. మాకు రాకపాయె."

నా చేతిలో ఫోన్ ఉంది. కొత్త ఫ్లెక్సీలో అక్షరదోషాలు చూసి పంపమని రాజేశ్వర్ సారు పంపాడు, అది చదువుతున్నాను. ఆమె ముందున్న చీటీ నాకు మూడడుగుల దూరంలో ఉంది.

"ఎడమ దిక్కు ఉన్నయంటే అయిపోయినయే. టైం లేదు, తియ్యుండ్రి" అన్నాను.

ఆమె ఇంకాసేపు నిలబడింది. తర్వాత ఒక్కొక్క నాడా విప్పి, చుట్టచుట్టి నా చేతిలో పెట్టింది. "మళ్ల అడుగుతరు సారు, మీ కాడ పెట్టుకోండ్రి" అంది. వాటిని నా బల్ల సొరుగులో వేశాను. జనగామలో చీపురు ఆపి నిలబడ్డ కొమురయ్య నాకు గుర్తుకే రాలేదు. సోమవారం బల్ల నిండా పుస్తకాలు పేర్చాం. బృందంలో ఒకాయన నా భుజం తట్టాడు. ఫోటోలో నేను కూడా ఉన్నాను, చివర్న, సగం.

బయ్యారం పిల్ల

మూడు వారాల తర్వాత రీకౌంటింగ్ అడిగిన ఒక విద్యార్థిని జవాబు పుస్తకం కోసం వెతికితే విషయం బయటపడింది. పిల్ల పేరు శిరీష, బయ్యారం వైపు రైతు బిడ్డ. ఒక్క పేపర్లో కొద్ది మార్కుల తేడాతో తప్పింది. గడువులోపలే దరఖాస్తు పెట్టుకుంది. మిల్లు లారీ ఇంకా రాలేదు కాబట్టి బస్తాలన్నీ కుమ్మరించి వెతికారు. ఆమె పుస్తకం దొరికింది, మొదటి రెండు ఆకులు లేకుండా. తడిసి ముద్దలైన కాగితాలను మేము అంతకుముందే ఎత్తి పారేశాం. వాటిలో పోయాయో ఎక్కడ పోయాయో తెలియదు. లేని పేజీలకు మార్కులు లెక్కపెట్టలేమన్నారు. వచ్చే ఏడాది మళ్లీ రాసుకోమన్నారు. ఆమెకు అప్పటికే బి.ఎడ్ సీటు వచ్చి ఉంది. పాసైనట్టు కాగితం చూపించకపోతే అది పోతుంది.

ఆమె ఒక్కతే నా గదికి వచ్చింది. అరుస్తుందనుకున్నాను.

"సార్, నాకు మంచిగ వచ్చిన ప్రశ్నలు ముందుగాల రాసిన. గవే పోయినయ్. వెనుకవి నాకు రాలె" అంది. మళ్లీ తనే, "ఆ ఆకులు బడి పిల్లల బుక్కులల్ల గిట్ల కలిసినయేమో, ఒక్కపారి చూసొద్దమా సార్?" అని అడిగింది.

ఆమె, నేను, సోమక్క ఆటోలో తండా బడికి పోయాం. పంతులమ్మ పిల్లలందరి చేత రఫ్ బుక్కులు బయటికి తీయించింది. శిరీష నేల మీద కూర్చుని ఒక్కొక్క పేజీ తిప్పింది. లెక్కలు, ఎక్కాలు, బొమ్మలు, ఎక్కడా వేలు పెట్టే చోటు లేకుండా రెండు వైపులా రాసి ఉన్నాయి. ఒక చిన్నపిల్ల పుస్తకం ఇవ్వకుండా గుండెకు అదుముకుని ఏడుపు మొదలుపెట్టింది. "గుంజుకోను చెల్లె, సూసి మళ్ల నీకే ఇస్త" అని శిరీష ఆమెను బుజ్జగించి చూసింది. చివరి పుస్తకం దాకా చూసింది. ఏమీ దొరకలేదు.

తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అదే ఆటో ఎక్కాం. క్యాంపస్ గేటు కనబడుతుండగా, "పిల్లలు మంచిగ రాస్తున్నరు సార్" అంది శిరీష. అని ముఖం చున్నీలో దాచుకుని ఏడ్చింది. సోమక్క ఆమె వీపు నిమిరింది. నేను రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

గోడ పక్క కుర్చీ

విచారణ వేశారు. ముగ్గురు ప్రొఫెసర్లు. ముందు రోజు రాజేశ్వర్ సారు నన్ను పక్కకు పిలిచి, "రిటైర్మెంటుకు ఎనిమిది నెలలున్నయి నీకు. ఇప్పుడు కేసు పడితే అన్నీ ఆగుతయి. అబద్ధం చెప్పమంటలేను. మొదటి నుంచి ఆ స్వీపర్లకు ఏం చెప్పినవో అదే రాయి" అన్నాడు. భూపాలపల్లి బాస్ మళ్లీ పుట్టాడా అనిపించింది. ఆయన ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది, మిగతా విద్య నాకు వచ్చు.

పొద్దున గది బయట వరండాలో సోమక్క నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. "సారూ, ఆనాడు నేను అడిగిన ముచ్చట చెప్తరు గద?" అంది. నేను తల ఊపాను. లోపలికి పోయి కాగితం మీద ఇలా రాసి ఇచ్చాను: "గడువు తీరిన కట్టల నుండి మాత్రమే ఖాళీ కాగితములు తీయవలెనని సిబ్బందికి నేను మొదటి నుండియు స్పష్టముగా చెప్పియున్నాను."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆమె విప్పి ఇచ్చిన ఎర్ర నాడాలు అప్పటికి కూడా నా సొరుగులోనే ఉన్నాయి.

తర్వాత ఆమెను పిలిచారు. నన్ను పొమ్మనలేదు, గోడ పక్క కుర్చీలోనే కూర్చున్నాను.

"చదువొస్తదా నీకు?"

"రాదు సారు."

"రానిదానివి పరీక్ష కాగితాలు ఎందుకు ముట్టినవ్?"

"ఎర్ర నాడా ఉన్నదని సారును అడిగిన. సారు తియ్యమన్నడు."

పెద్ద ప్రొఫెసర్ నా కాగితం మరోసారి చూశాడు. "ఆయన రాసింది వేరే ఉన్నది కదమ్మా" అన్నాడు. సోమక్క తల తిప్పి నా వైపు చూసింది. నా ముందు బల్ల మీద మంచినీళ్ల గ్లాసు ఉంది. నేను ఆ గ్లాసునే చూశాను. నోరు తెరిచి నాలుగు మాటలంటే అయిపోయేది. ఆమె నాకోసం కాసేపు చూసింది. తర్వాత తలుపు వైపు నడిచింది.

తీసేసినట్టు కాగితం కూడా ఇవ్వలేదు. రేపటి నుంచి రావద్దని ఏజెన్సీ మనిషితో చెప్పించారు. సాయంత్రం ఆమె స్టోరు తాళంచెవి నా బల్ల మీద పెట్టి, "పోయొస్త సారు" అంది. ఎప్పుడూ ఇంటికి పోయేటప్పుడు అనే మాటే, అదే గొంతుతో. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. నేను ఎంత నీచంగా ఉన్నానో ఆ రోజు నాకు తెలుసు. తెలిసీ ఇంటికి పోయి అన్నం తిన్నాను.

ఇప్పటి సంగతి

రఫ్ బుక్కులు ఆగిపోయాయి. ఇకపై జవాబు పుస్తకాలను ఎవరూ ముట్టరాదని ఉత్తర్వు వచ్చింది. మిల్లుకు కూడా పంపడం లేదు. గోదాము వెనుక గుంత తవ్వి, ఒక అధికారి సంతకం పెట్టి నిలబడగా, తెల్ల కాగితాలతో సహా కాలబెడుతున్నారు. రెండు రోజులు కాలుతుంది. నా రిటైర్మెంటు సభలో నన్ను పచ్చని ప్రాంగణానికి పునాది అన్నారు, శాలువా కప్పారు. గోదాము వైపు పొగ కనబడుతూనే ఉంది.

శిరీష మరుసటి ఏడు ఆ పేపర్ రాసి పాసైంది. ఆ సీటు మళ్లీ రాలేదు. మహబూబాబాద్‌లో ఒక బట్టల దుకాణంలో చీరలు మడతపెడుతూ కనిపించింది. నమస్తే పెట్టింది. నేను చీర కొనకుండానే బయటికొచ్చాను.

లావణ్యా, నీకు ఏం చెప్పను? ముట్టుకునేవాళ్లు ఆగితే నువ్వూ ఆగు అని చెప్పాలి. కానీ ఆ పాఠం నాకు ఇరవై నాలుగేళ్ల వయసులోనే తెలుసు, ఒకరి అరచేతి రక్తంతో నేర్చుకున్నాను. అవసరమైన రోజు అది నాకు పనిచేయలేదు. నీకు పనిచేస్తుందని నేనెలా నమ్మను? చెత్తను తగ్గించే సంగతి మాట్లాడేవాళ్లు డబ్బాల గురించి, మిషన్ల గురించి మాట్లాడతారు. మా క్యాంపస్‌లో దాన్ని నిజంగా తగ్గించింది చదువు రాని ఒక ఆడమనిషి. ఆమెను బయటికి పంపింది నేను.

నీ ఫోన్ వచ్చాక ఒక కాగితం రాశాను. నాడా సంగతి, చీటీ సంగతి, ఆమె రెండుసార్లు అడగడం, తియ్యమన్నది నేనేనని, అంతా. ఆ విచారణ ఫైలులో దీన్ని పెట్టించమని నిన్ను అడిగాను. నువ్వు పాపం రెండు రోజులు తిరిగావు. "సార్, పాత ఫైళ్లన్ని పోయినేడు గుంతల ఏసి కాలవెట్టిన్రట. ఫైలే లేకపాయె, కాయితం ఎట్ల తీసుకుంటమంటున్నరు" అని చెప్పావు. తర్వాత ఏం జరిగిందో నీకు చెప్పలేదు.

ఆ కాగితం పట్టుకుని సోమక్క ఊరికి పోయాను. వాకిట్లో మిరపకాయల కుప్ప ముందు కూర్చుని తాలుకాయలు వేరు చేస్తోంది. కూలికి తెచ్చుకున్న పని. చేతులు ఎర్రగా మండుతున్నట్టున్నాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, పీట వైపు చూపించింది. నేను కూర్చుని కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఆమె చేతులు ఆగలేదు.

"అయిపాయెనా సారు?"

"అయిపోయింది అక్కా."

"గిది ఎవ్వలకిస్తరు?"

"ఇచ్చేటందుకు ఎవరూ లేరు. ఫైలు కాలిపోయిందట. తీసుకుంటలేరు."

"ఆనాడే చెప్తె అయిపోతుండె" అంది. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నట్టే అంది. కొంగుకు చేతులు తుడుచుకుని కాగితం అందుకుంది. అక్షరాలున్న వైపు ఒకసారి చూసింది. తర్వాత వెనక్కి తిప్పింది.

"వెనుకంత తెల్లగనే ఉన్నది. మా మనుమరాలు లెక్కలు చేసుకుంటది, ఇడిసిపోండ్రి" అంది.

ఇచ్చేసి వచ్చాను.